అందాక దిగులు పడకండి

జూన్ 11

తర్లుపాడు నుంచి శ్యామలమ్మ మళ్ళీ వచ్చింది. నేను కొట్టు షట్టరు ఎత్తేసరికే మెట్టు మీద కూర్చోనుంది. చేతిలో సీసా నిండా నీళ్ళు.

"చూడు పాపా, మిషన్లో ఎర్ర లైటు ఆరనే ఆరదు. నీళ్ళు చూడు, మళ్ళా బోరు నీళ్ళ మాదిరే అయినాయి. నోట్లో పోసుకుంటే మొహం తిప్పుకోవాల."

నీళ్ళ మిషన్ ఆమెకు అమ్మింది నేనే. మార్కాపురంలో ఈ కొట్టు నాగూర్ వలి మామది. మిక్సీలు, కూలర్లు, గ్రైండర్లు, ఈ మధ్య ఈ నీళ్ళ మిషన్లు. ఈ పక్క ఏ ఊళ్ళో చూసినా ఫ్లోరైడు నీళ్ళే కాబట్టి అవి బాగా పోయినాయి. రిపేరు మాత్రం మా చేతిలో లేదు. తేట అనే కంపెనీవి అవి, వాళ్ళ మనిషే వచ్చి ఫిల్టరు మార్చాలి. అందుకని ఎవరొచ్చినా నేను చేసేది ఒక్కటే, స్పీకరు పెట్టి కస్టమర్ కేర్ నంబరు కొట్టడం.

"నమస్కారం. తేట కుటుంబానికి స్వాగతం. తెలుగు కోసం ఒకటి నొక్కండి."

ఒకటి నొక్కినాను. మిషన్ నంబరు కొట్టినాను.

"మీ కంప్లైంటు రాసుకున్నాము. రేపో ఎల్లుండో మనిషి వస్తాడు. అందాక దిగులు పడకండి. నీళ్ళు తాగొచ్చు."

శ్యామలమ్మ మొహం తేలికపడింది. "ఆ పాప చెప్పిందంటే వస్తాడులే. ఎంత నెమ్మదిగా చెప్తాదో. మన పక్క పిల్ల మాదిరే ఉంది మాట."

మన పక్క పిల్లే. మా చెల్లెలు బ్లెస్సీ. పోయిన ఆగస్టులో హైదరాబాదులో డెంగీ జ్వరంతో పోయింది.

శ్యామలమ్మకు చెప్పలేదు. చెప్పి ఏం చేయాల. సీసా ఆమె సంచిలో పెట్టి ఆటో ఎక్కించి వచ్చినాను.

జూన్ 12

ఈరోజు నీళ్ళ మిషన్ల వాళ్ళు ఎవరూ రాలేదు. ఆ నంబరుకు ఫోను చెయ్యలేదు.

జూన్ 13

ఒకసారి చేసినాను. లైను పనిచేస్తుందో లేదో చూసుకోవాల కదా, రేపు ఎవరన్నా వస్తే.

జూన్ 17

చర్చిలో బైబిలు వచనాలు చదివేది బ్లెస్సీ. అది చదువుతుంటే వెనక బెంచీల్లో నిద్రపోయే ముసలోళ్ళు కూడా తలెత్తేవాళ్ళు. డిగ్రీ అయినాక హైదరాబాదు పోయి ఒక స్టూడియోలో చేరింది. ప్రకటనలకు గొంతు ఇవ్వడం పని. ఒకరోజు ఫోను చేసి, "అక్కా, ఒక నంబరు చెప్తా, అమ్మను పక్కన కూర్చోబెట్టుకోని చెయ్యి. నేను అని చెప్పొద్దు," అన్నాది. చేసినాము. "నమస్కారం. తేట కుటుంబానికి స్వాగతం." అమ్మ ముందు భయపడింది. తర్వాత నవ్వింది. "ఒసే, ఇదేందే, మర్యాదలు నేర్చింది మన బ్లెస్సీ!" ఆ రోజు ఎన్నిసార్లు చేసినామో. పక్కింటోళ్ళను పిలిచి మరీ వినిపించింది అమ్మ.

కొత్త మిషన్లు కొట్లోకి దిగినప్పుడు అట్టపెట్టె మీద అదే నంబరు కనపడింది. వలి మామకు చెప్తే ఎంత సంతోషపడినాడో. "మన పాప గొంతు, మన దుకాణం. ఇంకేం కావాల!"

దాని ఫోను ఆసుపత్రిలోనే పోయింది. నా ఫోను అంతకు ముందే పగిలింది. పంపిన వాయిస్ మెసేజీలన్నీ అట్లనే పోయినాయి. క్రిస్మస్ పాటల వీడియో ఒకటి ఉంది కానీ అందులో గుంపులో పాడుతుంది, ఏ గొంతు దానిదో నేను కూడా చెప్పలేను.

జూన్ 20

మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని తొందరగా ఇంటికి పోయినాను. అమ్మ వెనక వసారాలో చింతపండు గింజలు తీస్తా ఉంది. చిన్న ఫోను చేట పక్కన పెట్టుకోని, స్పీకరులో.

"...అందాక దిగులు పడకండి. నీళ్ళు తాగొచ్చు."

"సరేలే. నువ్వు వేళకు తిను ముందు," అంటా ఉంది అమ్మ.

నేను చెప్పుల చప్పుడు చేసినాను. అమ్మ ఫోను కొంగు కింద పెట్టుకోని, "కాఫీ పెట్టేదా?" అన్నాది.

"పెట్టు," అన్నాను.

ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు. నాయన పోయినాక ఈ ఇంట్లో ముగ్గురమే. ఇప్పుడు ఇద్దరం. మాటలు తగ్గుతాయి కదా మరి.

జూన్ 24

ఈరోజు గొంతు కొంచెం బొంగురుగా వినపడింది. నవ్వొస్తుంది రాయడానికి. రికార్డింగుకు జలుబు చేస్తుందా?

సాయంత్రం మళ్ళీ చేసి చూసినాను. బాగానే ఉంది. తగ్గినట్టుంది.

జూన్ 25

నిన్న రాసింది చదువుకున్నాను. "తగ్గినట్టుంది" అని రాసినాను నేను.

జూలై 2

శ్యామలమ్మ మనవరాలిని తీసుకోని వచ్చింది. రజిని, రెండో తరగతి. ఆ పిల్లకు తల్లి లేదు, ఈమే సాకుతుంది. మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంది పిల్ల. మోకాళ్ళు నొప్పులంట. నవ్వితే ముందు పళ్ళ మీద గార చారలు. ఒంగోలు ఆసుపత్రిలో చూపించుకోని నేరుగా ఇక్కడికే వచ్చినారు.

"మిషన్ నీళ్ళు పరీక్ష చేయించినాడు డాక్టరు. ఫిల్టరు ఎప్పుడో సచ్చిపోయింది, బోరు నీళ్ళు బోరు నీళ్ళుగానే వస్తుండాయి అన్నాడు. ఇంకా తాగించినావా అని నన్ను తిట్టినాడు. మిషన్ పెట్టుకోనోళ్ళు పంచాయతీ ట్యాంకరు నీళ్ళు తెచ్చుకున్నారు పాపా. నేను మిషన్ ఉంది కదా అని తెచ్చుకోలా. సంవత్సరం నుంచి ఫోను చేస్తానే ఉన్నాను. మనిషి వస్తాడు, నీళ్ళు తాగొచ్చు. మనిషి వస్తాడు, నీళ్ళు తాగొచ్చు. ఇంకొకరు చెప్పింటే నమ్మేదాన్ని కాదు. ఇంత మెత్తగా చెప్పి..."

ఆమె ఏడవలేదు. కొంగుతో పిల్ల మొహం తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా.

"దాని నోట్లో మన్ను పడ," అన్నాది.

జూలై 3

పడింది. నా చేత్తో నేనే వేసినాను, సమాధుల తోటలో.

జూలై 5

చెయ్యలేదు.

జూలై 6

చెయ్యలేదు. చెయ్యకపోయినా వినపడుతుంది. బస్టాండులో గిద్దలూరు బస్సు గురించి మైకులో చెప్తుంటే వెనక్కి తిరిగి చూసినాను. బ్యాంకులో టోకెను పిలుస్తుంటే చూసినాను. అందరు ఆడపిల్లలూ ఒకే మాట చెప్తున్నట్టుంది నాకు. అందాక, అందాక.

జూలై 9

సంజీవరావు సారు కొట్టుకు వచ్చినాడు. హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన సారు. రిటైరైనాక వినియోగదారుల సంఘం అని పెట్టుకోని, జనం మోసపోతే వాళ్ళ తరఫున కమిషన్లో కేసులు వేస్తుంటాడు. శ్యామలమ్మ కేసు ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది.

"అమ్మా హెప్సిబా, అసెంబ్లీలో ఒక బిల్లు పెట్టినారు, తెలుసా?" అన్నాడు. "మన రాష్ట్రంలో వస్తువు అమ్మిన కంపెనీ ఏదైనా సరే, ఫోను చేస్తే బతికున్న మనిషి ఎత్తాల. ఫిర్యాదు తీసుకోని, మనిషిని పంపకుండా పంపుతాము అని రికార్డు పెట్టి వినిపిస్తే నేరం. అట్లాంటి రికార్డులన్నీ తీసెయ్యాల."

"కేంద్రం చట్టం ఉంది కదా సార్?"

"ఉంది. కానీ కమిషన్ దాకా పోయేటప్పటికి శ్యామలమ్మ లాంటోళ్ళ కాళ్ళు అరిగిపోతాయి. ఇది ముందే పట్టుకునే చట్టం. కంపెనీలు గట్టిగానే అడ్డం పడుతున్నాయి. అందుకని సభా కమిటీ వాళ్ళు ఊర్లు తిరిగి జనం మాట వింటున్నారు. వచ్చే నెల మార్కాపురం వస్తారు. శ్యామలమ్మ మాట్లాడుతుంది. అమ్మిన కొట్టు నుంచి నువ్వు కూడా మాట్లాడితే బలం."

సారుకు బ్లెస్సీ పోయింది తెలుసు. ఆ గొంతు దానిదని తెలియదు.

"నాకు సభల్లో మాట్లాడటం రాదు సార్," అన్నాను.

"నీకా? ఎనిమిదో తరగతిలో నాతో వాదన పెట్టుకున్నది ఎవరు?" అని నవ్వి పోయినాడు.

అట్లాంటి రికార్డులన్నీ తీసెయ్యాల.

జూలై 10

చేసినాను. పొద్దున ఒకసారి. కొట్టు మూసేముందు ఒకసారి. ఇక్కడ అబద్ధం రాసుకోని ఎవరికి చూపించాల? మధ్యలో కూడా చేసినాను.

జూలై 14

ఒక ఉపాయం తోచింది. లైను నడుస్తుండగా రెండో ఫోనుతో మొత్తం రికార్డు చేసినాను. బాగా వచ్చింది. ఇంటికి పోయి అమ్మ ముందు పెట్టి వినిపించినాను. ఈ విషయం మేము నోరు తెరిచి మాట్లాడుకోవడం ఇదే మొదలు.

"నీ ఫోనులో వేస్తాను అమ్మా. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు."

అమ్మ చివరిదాకా విన్నది. "ఇది రికార్డే," అన్నాది.

"అది కూడా రికార్డే కదా అమ్మా."

"కాదు. అది మోగుతుంది. మోగి, ఎత్తుతుంది." నా ఫోను నా వైపు జరిపింది. "ఇది ఎత్తదు."

జూలై 19

కంపెనీ ఏరియా మేనేజరు విజయవాడ నుంచి వచ్చినాడు. చిన్న వయసే, చొక్కా ఇస్త్రీ చెడకుండా కారులో వచ్చినాడు. వలి మామతో ముందు గట్టిగా మాట్లాడినాడు. మామ చెప్పినాడు: "నేను మీ మాల్ ఇక ఎత్తను సాబ్. తర్లుపాడు పిల్లను చూసినాను. నా దుకాణానికి ఇన్నాళ్ళు ఇజ్జత్ ఉంది." తర్వాత మామ నమాజుకు పోతూ నా వైపు చూసి, "నీ ఇష్టం హెప్సీ. నువ్వు మాట్లాడినా, మాట్లాడకపోయినా నేను ఏమీ అనను," అన్నాడు. నేను మాట్లాడతానని ఎవరు చెప్పినారో నాకు తెలియదు. నేను ఒప్పుకోనే లేదు.

మేనేజరు కుర్చీ జరుపుకోని కూర్చున్నాడు.

"మేడమ్, ఆ గొంతు మీ చెల్లెలిదని మాకు ఈమధ్యనే తెలిసింది. సారీ. స్టూడియోలో ఆవిడ రికార్డింగులు మొత్తం ఉన్నాయి. లైనులో వినపడేది కొంచెమే. మధ్యలో మాట్లాడింది, నవ్వింది, మంచినీళ్ళు అడిగింది, అన్నీ ఉన్నాయి. సాయంత్రం దాకా జరిగిన రికార్డింగు. మీకు ఇప్పించగలను."

నేను ఏం అడగలేదు. ఆయనే చెప్పినాడు. "కమిటీ ముందు మీరు రాకపోతే చాలు. అంతే."

ఫోను తీసి ఒక ముక్క వినిపించినాడు.

ముందు కుర్చీ కిర్రుమంది. తర్వాత బ్లెస్సీ. "మా ప్రతినిధి త్వరలో మిమ్మల్ని సంప్ర... సంప్రదిస్తారు. అబ్బా!" నవ్వు. ఆ నవ్వు! చివర్లో గొంతులోకి గాలి లాక్కుంటుంది, చిన్నప్పటి నుంచి అంతే. "అన్నా, ఈ మాట మా ఊళ్ళో ఎవరంటారు అన్నా? మా అమ్మకైతే అర్థం కూడా కాదు. రేపో ఎల్లుండో మనిషి వస్తాడు అంటే చాలదా? అట్ల చెప్తా ఉండు." ఎవరో మగ మనిషి, "సరే, చెప్పు చూద్దాం," అన్నాడు. "మనిషి వస్తాడు కదా అన్నా, నిజంగానే?" "వస్తాడమ్మా, చెప్పు."

ఆగిపోయింది.

"ఇంకొకసారి," అన్నాను.

వినిపించినాడు. ఇంకొకసారి అన్నాను. వినిపించినాడు. విసుక్కోలేదు, మంచివాడే పాపం.

"ఆలోచించుకోండి మేడమ్," అని కార్డు పెట్టి పోయినాడు.

జూలై 20

అమ్మకు చెప్పలేదు.

జూలై 23

ఒప్పుకుంటే ఏమవుతుంది? నేను ఒక్కదాన్ని మాట్లాడకపోతే బిల్లు ఆగుతుందా? శ్యామలమ్మ ఉంది. సారు ఉన్నాడు. ఇంకా ఎన్నో ఊర్ల వాళ్ళు ఉన్నారు. నేను మాట్లాడకపోతే ఎవరికి నష్టం?

ఇది రాసినాక రజిని మెట్లు ఎక్కడం గుర్తొచ్చింది. డైరీ మూసేసినాను. మళ్ళీ తెరిచి ఇది రాస్తున్నాను.

జూలై 28

నన్ను వదలనిది దాని నవ్వు కాదు. అది అడిగిన మాట. మనిషి వస్తాడు కదా అన్నా, నిజంగానే?

వస్తాడమ్మా అన్నారు. నమ్మింది. నమ్మింది కాబట్టే అంత మెత్తగా చెప్పగలిగింది. ఆ మెత్తదనమే కదా కంపెనీకి కావాల్సింది. 'సంప్రదిస్తారు' అని చెప్పింటే శ్యామలమ్మ సగం కూడా నమ్మేది కాదు.

ఇప్పుడది చెప్తానే ఉంది, ప్రతి ఊరికి, ప్రతి తల్లికి. ఆపమని చెప్పడానికి కూడా నోరు లేదు దానికి.

ఆగస్టు 3

హనుమంతునిపాడు నుంచి ఒకాయన వచ్చినాడు. అదే మిషన్, అదే ఎర్ర లైటు. "ఒకసారి కంపెనీకి చెయ్యి పాపా," అన్నాడు. ఫోను తీసుకున్నాను. మళ్ళీ కింద పెట్టినాను. "ఆ నీళ్ళు తాగొద్దు నాయనా. ట్యాంకరు నీళ్ళు తెచ్చుకోండి," అన్నాను.

"ఫోనులో తాగొచ్చు అని చెప్పినారే?"

"చెప్పిన పిల్లకు తెలియదు," అన్నాను.

ఆయన పోయినాక మేనేజరు కార్డు తీసి ఆ నంబరుకు చేసినాను. "నేను వస్తున్నాను, కమిటీకి," అని చెప్పినాను. "సరే మేడమ్, మీ ఇష్టం," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఆ రికార్డింగులు మీకు ఇప్పించడం ఇక నా చేతిలో ఉండదు. తెలుసు కదా?" అన్నాడు.

తెలుసు అన్నాను.

ఆగస్టు 12

బ్లెస్సీ జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు ప్రార్థన చేసినారు. అందరూ పోయినాక అమ్మ వెనక వసారాలోకి పోయింది. ఒకటి నొక్కిన చప్పుడు వినపడింది. నేను గిన్నెలు కడుగుతా ఉన్నాను, కొళాయి కొంచెం ఎక్కువ తిప్పినాను.

అప్పుడన్నా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆగస్టు 19

ఎంపీడీవో ఆఫీసు మీటింగు హాలు. జనం బాగానే వచ్చినారు. ముందు వరసలో కమిటీ ఎమ్మెల్యేలు, ఒక పక్క ఆఫీసర్లు, ఇంకో పక్క కంపెనీల వాళ్ళు. మేనేజరు కనపడినాడు, తల ఊపినాడు. నేను కూడా ఊపినాను.

శ్యామలమ్మ మాట్లాడింది. ఎర్ర లైటు నుంచి ఒంగోలు డాక్టరు దాకా ఏదీ వదల్లేదు. కంపెనీ వకీలు లేచి చాలా మర్యాదగా చెప్పినాడు: "ఆ రికార్డింగు కస్టమర్లను పలకరించడానికే. మర్యాద కోసం చెప్పిన మాట. కంపెనీ ఇచ్చిన హామీగా తీసుకోకూడదు."

అంతవరకు ఏం చెప్పాలో లోపల వల్లెవేసుకుంటా ఉండినాను. ఆ మాట విన్నాక ఆపేసినాను.

సారు నా పేరు పిలిచినాడు. కమిటీ అధ్యక్షుడు అడిగినాడు, "నువ్వు కస్టమరువా అమ్మా, డీలరు మనిషివా?"

"నేను ఆ గొంతు అక్కను సార్," అన్నాను.

నేను చెప్పినాను. ఏ వరసలో చెప్పినానో గుర్తు లేదు. బ్లెస్సీ మా చెల్లెలని, పోయిందని, రికార్డింగు అప్పుడు అది ఏమని అడిగిందో, వాళ్ళు ఏమని చెప్పినారో. "మా చెల్లెలు మర్యాదకు చెప్పలేదు సార్. మనిషి వస్తాడని నమ్మి చెప్పింది. మా పక్క మాటలో చెప్పింది, మా వాళ్ళకు అర్థం కావాలని. అది హామీ కాదు అంటే మరి అది ఎవరి మాట? దానిది కాదు, కంపెనీది కాదు. బతికుంటే అదే వచ్చి ఈ మాట తీసెయ్యమని అడిగేది. అది రాలేదు కాబట్టి నేను అడుగుతున్నాను. దాని నోట్లో నుంచి ఆ మాట తీసెయ్యండి."

ఒక ఆడ ఎమ్మెల్యే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మేనేజరు నేల చూస్తా ఉన్నాడు.

కూర్చున్నాక చూసినాను, శ్యామలమ్మ నా వైపే చూస్తా ఉంది. నోటి మీద కొంగు అడ్డం పెట్టుకోని. ఆమె ఆ రోజు రజిని మొహం తుడుస్తా అన్న మాట మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది అనుకుంటాను.

ఆగస్టు 20

పేపర్లో వచ్చింది. వలి మామ చూపించినాడు. ఇంటికి తీసుకోని పోలేదు.

ఆగస్టు 22

తీసుకోని పోకపోతే మాత్రం! మధ్యాహ్నం అన్నానికి పోయేసరికి శ్యామలమ్మ మా వసారాలో కూర్చోనుంది. కందిపప్పు మూట తెచ్చింది. అమ్మకు అంతా చెప్పేసింది అప్పటికే. ఆమెకు మాత్రం ఏం తెలుసు, నేను ఇంట్లో చెప్పలేదని?

"నా నోటికి బుద్ధి లేదు అక్కా," అంటా ఉంది అమ్మతో. "పోయిన పిల్లను అనరాని మాట అన్నాను. నా మనవరాలి కాళ్ళు చూసి కడుపు మండి అన్నాను."

అమ్మ ఆ మాట పట్టించుకున్నట్టే లేదు. "నీకు ఏమని చెప్పేది మా పాప?" అని అడిగింది.

"అదే అక్కా. రేపో ఎల్లుండో మనిషి వస్తాడు..."

"మొత్తం చెప్పు."

శ్యామలమ్మ నా వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా మొత్తం చెప్పింది. సంవత్సరం నుంచి విన్నది కదా, అక్షరం తప్పలేదు. ఆగే చోట ఆగింది. అమ్మ కళ్ళు మూసుకోని విన్నది.

ఆమె పోయినాక అమ్మ నన్ను అడిగింది. "ఆపేస్తారా?"

"బిల్లు పాసైతే ఆపేస్తారు అమ్మా."

"నువ్వే అడిగినావా ఆపమని?"

"నేనే అడిగినాను."

అమ్మ పప్పు మూట విప్పి డబ్బాలో పోసింది. కింద పడిన గింజలు ఏరింది.

ఆగస్టు 27

మాట్లాడలేదు. అమ్మ అన్నం పెడుతుంది. నీళ్ళు పెడుతుంది. మాట్లాడదు.

సెప్టెంబరు 4

అమ్మకు మేనేజరు సంగతి చెప్పినాను. ఇస్తానన్న రికార్డింగుల సంగతి, నవ్వు సంగతి. చెప్పకపోతే బాగుండేదేమో. కానీ ఒక్కదాన్నే మోయలేకపోయినాను.

అమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "నా గురించి ఏమన్నాది అందులో?" అన్నాది.

"మా అమ్మకైతే ఆ మాట అర్థం కూడా కాదు అన్నాది."

"ఏ మాట?"

"సంప్రదిస్తారు."

అమ్మ పెదవులు కదిలినాయి, ఆ మాట పలికి చూసుకుంటున్నట్టు. "నిజమే, నాకు అర్థం కాదు," అన్నాది. ఇన్ని రోజుల తర్వాత, ప్రశ్న కాకుండా నాతో అన్న మొదటి మాట ఇదే.

సెప్టెంబరు 25

బిల్లు పాసైంది. సంజీవరావు సారు మిఠాయి పొట్లంతో వచ్చినాడు. చివర్లో కొత్తగా ఒక మాట చేర్చినారంట, చదివి వినిపించినాడు: రికార్డు చేసి వినిపించిన మాట ఎవరి గొంతుతో చెప్పించినా సరే, అది కంపెనీ ఇచ్చిన మాటే అవుతుంది.

"నీ మాటే అమ్మా ఇది," అన్నాడు.

"నాది కాదు సార్," అన్నాను. వలి మామ ఒక లడ్డు విరిచి, సగం తాను తీసుకోని రెండో సగం నా చేతిలో పెట్టినాడు. తినలేకపోయినాను. అట్లని పారెయ్యలేదు.

అక్టోబరు 18

గవర్నరు సంతకం అయింది, వచ్చే నెల నుంచి అమలు అని పేపర్లో ఉంది. ఈ మధ్య నేను ఆ నంబరుకు చెయ్యడం లేదు. ఇది నిజం. అమ్మ చేస్తుంది. ఇప్పుడు దాచిపెట్టి చెయ్యదు. నేను ఇంట్లో ఉన్నప్పుడే చేస్తుంది, నేను కూడా వినేటట్టు. నేను లేచి పోను. ఇద్దరం వింటాము.

నవంబరు 6

తర్లుపాడు పోయినాను. కంపెనీ కొత్త నంబరు ఇచ్చింది. ఒక అబ్బాయి ఎత్తి వివరాలు అడిగినాడంట, చెప్పిన రోజుకే మనిషి వచ్చినాడంట, ఫిల్టరు మార్చినాడంట. శ్యామలమ్మ మాత్రం ఇంకా ట్యాంకరు నీళ్ళే వాడుతుంది. "మిషన్ బాగానే ఉంది. నాకే నమ్మకం పోయింది," అన్నాది. నష్టపరిహారం కేసు నడుస్తానే ఉంది. రజిని నొప్పులు తగ్గినాయి, నన్ను చూసి పరుగెత్తుకోని వచ్చింది. పళ్ళ మీద చారలు అట్లనే ఉన్నాయి. అవి పోవంట.

పాత నంబరు ఎప్పుడు తీసేస్తారో అడగలేదు నేను.

నవంబరు 9

ఆదివారం. చర్చి నుంచి వచ్చి వసారాలో కూర్చున్నాము. అమ్మ చీర కూడా మార్చుకోలేదు. ఫోను తీసి చేసింది, స్పీకరు పెట్టింది. ఈసారి మోగలేదు. వెంటనే ఒక ఆడపిల్ల గొంతు వచ్చింది.

"మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం మనుగడలో లేదు. దయచేసి నంబరు సరిచూసుకోండి."

అమ్మ నా వైపు చూడలేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకోబోయినాను. చెయ్యి విడిపించుకోని మళ్ళీ నొక్కింది. అదే గొంతు, అదే మాట. ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి, మళ్ళీ తెలుగులో. అమ్మ కట్ చెయ్యలేదు. ఆ పిల్ల చెప్పేదంతా చెప్పనిచ్చింది, లైను దానంతట అదే తెగిపోయేదాకా. ఫోను ఒళ్ళో పెట్టుకోని, దాన్ని కొంగుతో తుడిచింది.

"పాపం," అన్నాది అమ్మ. "ఈ పిల్ల ఎవరి బిడ్డో."